నలుపు నల్లగా ఉందా?

ధర్మవరంలో పట్టుచీర కొనేవాళ్లని ఎప్పుడైనా గమనించారా? కొట్లో ట్యూబులైటు కింద చీర ఎంత ధగధగలాడినా సరే, దాన్ని చేతిలోకి తీసుకుని నేరుగా గుమ్మం దగ్గరికి నడుస్తారు. పగటి వెలుగులో కొంగు విప్పి అటోసారి, ఇటోసారి తిప్పి చూస్తారు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు పెట్టి నేసిన చీరైతే మరీనూ. ఇటు నుంచి చూస్తే వంకాయ రంగు, అటు నుంచి చూస్తే చిలకపచ్చ. రంగు తేల్చుకున్నాకే బేరం. లైటు కింద కనిపించే రంగుని నమ్మకూడదని ఆ ఊళ్లో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు.

అంత జాగ్రత్త గల మనిషీ టీవీల షోరూములో అడుగుపెట్టగానే మారిపోతాడు. గోడ నిండా వరసగా టీవీలు. అన్నిట్లోనూ ఒకటే వీడియో. తేనె చుక్క జారుతుంటుంది, పంచవన్నెల చిలక రెక్కలు విదిలిస్తుంటుంది, ఎర్రటి పండేదో నీళ్లలో పడి చిందుతుంటుంది. ఏది ఎక్కువగా కళ్లకి కొడితే వేలు దానివైపే వెళ్తుంది. ‘‘ఇది చూడన్నా, ఎంత బ్రైటుగా ఉందో!’’ అని సేల్స్‌ కుర్రాడు ఓ మాట సాయం వేస్తాడు. ఇంకేముంది, బిల్లు అయిపోతుంది.

ఆ రాత్రి లైట్లు ఆర్పి ఇంటిల్లిపాదీ సినిమాకి కూర్చుంటారు. అడవిలో చీకటి సీను బూడిద పూసినట్టుంటుంది. హీరోయిన్‌ బుగ్గలు సున్నం కొట్టినట్టుంటాయి. కోట్లు పోసి తీసిన ఫైటు మధ్యాహ్నం సీరియల్లా కనిపిస్తుంది. నలభై వేల రూపాయల వస్తువు, పన్నెండు నెలల వాయిదాలు. తిరిగి తీసుకెళ్తే ‘‘పాడైతే మారుస్తాం సార్‌, నచ్చకపోతే ఎట్లా?’’ అంటారు. వాళ్లన్నదీ నిజమే. టీవీ బాగానే ఉంది. చూసి కొన్న తీరే బాగాలేదు.

పావు వంతు నలుపే

ఇంట్లో సినిమాలు చూడటం కోసమే టీవీ కొంటున్నారా? అయితే ముందు చూడాల్సింది వెలుగూ కాదు, రంగులూ కాదు. నలుపు! వినడానికి వింతగా ఉందా? చిన్న లెక్క వేద్దాం.

టీవీ తెర 16 పాళ్ల వెడల్పు, 9 పాళ్ల ఎత్తు ఉంటుంది. సినిమాస్కోప్‌ సినిమా అంతకంటే బాగా వెడల్పు... ఎత్తుకి 2.39 రెట్లు. తెలుగులో ఆ వెడల్పు తెర 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో మొదలైంది. ఇప్పుడు వచ్చే పెద్ద సినిమాల్లో చాలావాటిది అదే కొలత. దాన్ని టీవీలో పెడితే పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి. రెండూ కలిపితే తెరలో పావు వంతు. పోనీ పాత సినిమా చూద్దామంటే అది దాదాపు నలుచదరం. 1957 నాటి ‘మాయాబజార్‌’కి పట్టీలు కుడి ఎడమల వస్తాయి. అవీ పావు వంతుకి కాస్త తక్కువ, అంతే. అంటే కొత్త సినిమా అయినా, పాత సినిమా అయినా మీరు డబ్బు పోసి కొన్న తెరలో దాదాపు పావు వంతు ఆ రెండున్నర గంటలూ నల్లగా ఉండాల్సిందే. అక్కడ బూడిద రంగు వెలుగుతూ ఉంటే కన్ను బొమ్మ మీద నిలవదు. (పట్టీలు నచ్చక ‘జూమ్‌’ నొక్కేవాళ్లున్నారు. సినిమాస్కోప్‌ని జూమ్‌ చేస్తే పక్కనున్న మనుషులు తెర బయటికి పోతారు, పాత సినిమాని సాగదీస్తే సావిత్రి లావైపోతుంది. పట్టీలతోనే చూడండి.)

ఇక సినిమా లోపలి నలుపు సంగతి. ‘ఆర్‌ఆర్‌ఆర్‌’లో ఇంటర్వెల్‌ ముందు ఘట్టం గుర్తుందిగా? రాత్రివేళ పులులూ, జింకలూ బండి దిగి విరుచుకుపడతాయి. ఒకపక్క నిప్పు, ఒకపక్క నీళ్లు, చుట్టూ చీకటి. నలుపు సరిగ్గా లేని టీవీలో ఆ మంట మామూలు దీపమైపోతుంది. వెలుగు విలువ పక్కనున్న చీకటిని బట్టి తెలుస్తుంది. చీకటే తెల్లబోయాక మంట ఎంత మండితే ఏం లాభం?

తలుపు సందులోంచి వెలుగు

మన ఊళ్లలో ఎక్కువగా అమ్ముడుపోయేవి ఎల్‌ఈడీ టీవీలు. పేరు ఎల్‌ఈడీ గానీ తెర మాత్రం ఎల్‌సీడీ. వెనకాల దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ముందున్న ద్రవస్ఫటికాలు చిన్నచిన్న తలుపుల్లా తెరుచుకుని మూసుకుంటూ బొమ్మ కడతాయి. నలుపు చూపించాలంటే తలుపు మూసెయ్యాలి. ఎంత మూసినా సందుల్లోంచి కాస్త వెలుగు కారుతుంది. ఆ కారడం ఎంతన్నదే టీవీకీ టీవీకీ తేడా.

ఈ తెరల్లో ప్రధానంగా రెండు జాతులున్నాయి. ఐపీఎస్‌ రకంలో అత్యంత తెల్లటి చోటుకీ అత్యంత నల్లటి చోటుకీ తేడా సుమారు వెయ్యి రెట్లు. వీఏ రకంలో మూడు వేల రెట్లు, ఒక్కోదాంట్లో అంతకంటే ఎక్కువే. చీకటి గదిలో ఈ తేడా పిల్లలు కూడా పట్టేస్తారు. మరి అందరూ వీఏనే కొనొచ్చుగా? అక్కడే ఉంది తిరకాసు. వీఏ తెర ఎదురుగా కూర్చున్నవాళ్లకే మంచిది. పక్కకి జరిగితే రంగులు వెలిసిపోతాయి, నలుపు తేలిపోతుంది. ఐపీఎస్‌ నలుపు అంతంతమాత్రమే అయినా పక్కనుంచి చూసినా రంగు నిలుస్తుంది. ఏ టీవీలో ఏ తెర ఉందో కంపెనీలు చాలాసార్లు పెట్టె మీద రాయవు. ఒకే మోడల్లో 43 అంగుళాలకి ఒక రకం, 55కి ఇంకో రకం పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే కాగితం మీద చదివితే తేలదు. పక్కకి నాలుగడుగులు వేసి చూడాల్సిందే. ధర్మవరం చీరని తిప్పినట్టే ఇక్కడ మనం తిరగాలన్నమాట!

మూడోది ఓఎల్‌ఈడీ. దీంట్లో వెనక దీపమే ఉండదు. ప్రతి చుక్కా తనంతట తను వెలుగుతుంది, తనంతట తను ఆరిపోతుంది. ఆరిపోయిన చుక్క నిజంగానే నలుపు. కరెంటు పోయిన గదంత నలుపు. పక్కనుంచి చూసినా ఏమీ మారదు. ధర మటుకు అదే కొలత మామూలు ఎల్‌ఈడీకి సుమారు మూడింతలు. పేరులో ఒక్క అక్షరం తేడాతో ‘క్యూఎల్‌ఈడీ’ అని ఇంకోటి కనిపిస్తుంది. అది ఓఎల్‌ఈడీకి తమ్ముడు కాదు, మామూలు ఎల్‌ఈడీకే అన్న. రంగులు మెరుగ్గా ఉండేలా ఒక పొర చేర్చిన ఎల్‌సీడీ. ‘మినీ ఎల్‌ఈడీ’ అంటే వెనక దీపాల్ని బాగా చిన్నవి చేసి, గుంపులు గుంపులుగా విడగొట్టి, చీకటి ఉన్నచోట ఆ గుంపుని తగ్గించే ఏర్పాటు. గుంపులు ఎన్ని ఎక్కువైతే అంత మంచిది. తక్కువైతే? ఏ మలయాళం థ్రిల్లరో సబ్‌టైటిల్స్‌తో చూడండి. చీకట్లో తెల్లక్షరాల చుట్టూ మంచు పట్టినట్టు వెలుగు ముసురుకుంటుంది.

నలుపు పేరు పెట్టుకుని...

నలుపు కోసం ప్రాణం పెట్టిన కంపెనీ ఒకటుండేది. జపాన్‌కి చెందిన పయనీర్‌ 2007లో తన ప్లాస్మా టీవీలకి ‘కురో’ అని పేరు పెట్టింది. జపనీస్‌లో కురో అంటే నలుపే! సినిమా పిచ్చివాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. అయినా రెండేళ్లు తిరక్కుండానే, 2009లో, టీవీల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు పయనీర్‌ ప్రకటించింది. 2013లో ప్యానసోనిక్‌ కూడా ప్లాస్మా తయారీ ఆపేసింది. కారణాల్లో ధర ఒకటి. రెండోది షోరూము లైట్లు. దీపాలతో వెలిగిపోయే కొట్లో ప్లాస్మా పక్కన ఎల్‌సీడీ పెడితే ప్లాస్మా వెలవెలబోయేది. జనం ‘‘ఏమప్పా, ఇది ఇంత మబ్బుగా ఉందేంది?’’ అని పక్కదాన్ని కొన్నారు. చీకటి గదిలో ఏది గెలుస్తుందో చూసే అవకాశం వాళ్లకి ఎవరూ ఇవ్వలేదు. కొట్టుకి పనికొచ్చే టీవీ ఇంటికి పనికొచ్చే టీవీని మింగేసింది.

ఏ ఇంటికి ఏది?

ఒక ఇంటికి నప్పిన టీవీ పక్కింటికి నప్పాలని లేదు. ధర్మవరంలోనే మగ్గం ఇంట్లోనే ఉండే నేతగాళ్ల కుటుంబం సంగతి చూడండి. పగలంతా తలుపులు బార్లా తెరిచే ఉంటాయి. పోగు కనిపించాలంటే వెలుగు కావాలి కదా. టీవీ ఎక్కడో పక్క గోడకి ఉంటుంది. మగ్గం గుంతలో కూర్చున్నవాళ్లు ఓరగా ఓ చూపు వేస్తుంటారు. అసలే ఎండల సీమ. వాకిట్లోంచి వచ్చే వెలుగు తెర మీద పడి అద్దంలా మెరుస్తుంది. ఇలాంటి ఇంట్లో పగటిపూట నలుపు గురించి మాట్లాడటం దండగ. గది వెలుగే తెరని తెల్లబరుస్తుంది. ఇక్కడ నిజంగానే వెలుగెక్కువున్న టీవీ కావాలి, పక్కనుంచి చూసినా రంగు పోని తెర కావాలి. ఇంకో సంగతి. పొద్దస్తమానం న్యూస్‌ ఛానల్‌ పెట్టే ఇల్లయితే ఓఎల్‌ఈడీ జోలికి పోకపోవడం మంచిది. కింద పరిగెత్తే స్క్రోలింగు పట్టీ, మూలనున్న లోగో కదలకుండా అక్కడే గంటలు గంటలు వెలిగితే కొన్నాళ్లకి ఆ చుక్కలు అరిగి, సినిమా పెట్టినా ఆ పట్టీ నీడ అక్కడే కనిపించే ప్రమాదం ఉంది. మన తెలుగు న్యూస్‌ ఛానళ్లలో ఎన్ని పట్టీలుంటాయో చెప్పాలా?

అన్నట్టు, రంగు విషయంలో ధర్మవరం వాళ్లకి ఒక వెసులుబాటుంది. ఒకే ఎరుపులో తేడాలు కనిపెట్టి పోగులు ఏరే కళ్లు వాళ్లవి. ఆ కళ్లని షోరూములోనూ వాడొచ్చు. ఎలాగంటారా? ఇంట్లో బాగా ఎరిగున్న చీరొకటి తీసి, సాయంత్రం వెలుగులో అమ్మకో అక్కకో కట్టించి, ఫోనులో ఒక నిమిషం వీడియో తీసి పెన్‌డ్రైవులో వేసుకెళ్లండి. ఫోను కూడా కాస్తో కూస్తో రంగు పూస్తుంది, నిజమే. అయినా నాలుగు టీవీల్లో ఆ వీడియో వరసగా పెడితే ఎరిగిన చీర ఎక్కడ పరాయిదైపోయిందో ఇట్టే తెలుస్తుంది. తేనె చుక్క అసలు రంగేమిటో మనకేం తెలుసు? అమ్మ చీర రంగు తెలుసు.

పట్టుదారం సంగతి వచ్చింది గనక హిందూపురం వెళ్దాం. అక్కడి పట్టుగూళ్ల మార్కెట్లో కొనేవాళ్లు గుప్పెడు గూళ్లు తీసి నొక్కి చూడందే ధర చెప్పరు. ఆ ఊరికి సినిమా అంటే ఇంటి వ్యవహారం కూడా. ఎన్టీఆర్‌ని 1985, 1989, 1994లలో మూడుసార్లు, బాలకృష్ణని 2014 నుంచి మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిపించిన ఊరు మరి. అక్కడ ఆదివారం ఇంట్లో సినిమా పెడితే చూసేది ఇద్దరు కాదు. సోఫాలో తాతయ్య, పక్కన కుర్చీలో పెదనాన్న, చాప మీద పిల్లలు, వంటింటి గుమ్మంలో నిలబడి అత్తాకోడళ్లు... హాలు మూడు గోడలా జనమే. ఇక్కడ వీఏ తెర కొంటే సోఫాలో మధ్యనున్న తాతయ్య ఒక్కడే సినిమా చూస్తాడు, మిగతావాళ్లు వెలిసిపోయిన బొమ్మ చూస్తారు. డబ్బుంటే ఓఎల్‌ఈడీ. లేకపోతే నలుపు కాస్త తగ్గినా ఐపీఎస్‌దే మేలు. ఇంకో పొరపాటు మన ఇళ్లన్నిట్లోనూ ఉంది. టీవీని క్యాలెండరు తగిలించినట్టు గోడకి ఎత్తున బిగించేస్తారు. చాప మీద కూర్చున్నవాళ్లు మెడ ఎత్తి చూడాలి. వీఏ తెర కింది నుంచి చూసినా రంగు కోల్పోతుంది. కూర్చున్నవాళ్ల కళ్లు తెర నడిమికి రావాలి. ఇన్‌స్టలేషన్‌కి వచ్చిన కుర్రాడు గోడకి రంధ్రం వేసేముందే ఈ మాట చెప్పాలి.

పెనుకొండ సంగతి వేరు. ఊరి దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలయ్యాక అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్లు పెరిగారు. చిన్న గది, ఒకరో ఇద్దరో, చూసేది షిఫ్టు దిగి వచ్చాక రాత్రిపూట. నలుపు బాగుండే వీఏ తెరకి ఇంతకంటే తగిన చోటు దొరకదు. ఎదురుగా మంచం, లైటు ఆర్పితే థియేటరే. ఇలాంటి గదికి 65 అంగుళాలు అనవసరం కూడా. కొలతకి ఒక చిట్కా ఉంది. అంగుళాల్ని 1.6తో గుణించి 12తో భాగిస్తే ఎన్ని అడుగుల దూరంలో కూర్చోవాలో వస్తుంది. 43కి ఆరడుగుల లోపు, 55కి ఏడూ చిల్లర, 65కి తొమ్మిదికి కాస్త తక్కువ. ముందు టేపు పట్టుకుని మంచం నుంచి గోడకి కొలిచి, ఆ తర్వాత షోరూముకి వెళ్లండి.

కృష్ణుడు నీలం, అందరూ కాదు

నలుపు తర్వాత చూడాల్సింది తెలుపు. సినిమావాళ్లు రంగులు సరిచూసుకునేది 6,500 కెల్విన్‌ అనే తెలుపు దగ్గర. కాస్త వెచ్చటి, పగటి వెలుగులాంటి తెలుపు. షోరూములో టీవీల తెలుపు అంతకంటే బాగా నీలంవైపు ఉంటుంది. ఉజాలా వేసిన పంచెలాగ, నీలం కలిస్తే తెలుపు మరింత తెల్లగా అనిపిస్తుంది కాబట్టి. ఆ నీలమే ముఖాల్లోకి ఎక్కుతుంది. ఎన్టీఆర్‌ కృష్ణుడు నీలంగా ఉండొచ్చు. శశిరేఖా, లక్ష్మణకుమారుడూ కూడా నీలంగా ఉంటే ఎలా?

దీన్ని పట్టుకోవడానికి రంగుల సినిమా కంటే నలుపు తెలుపుల సినిమా గట్టి పరీక్ష. ‘మాయాబజార్‌’ 2010లో రంగులద్దుకుని వచ్చింది గానీ పరీక్షకి పాత ప్రతే కావాలి. దర్శకుడు కె.వి.రెడ్డి ఈ అనంతపురం సీమలోని తాడిపత్రి ప్రాంతం వాడే. కెమెరా మార్కస్‌ బార్ట్లీ. వెన్నెల్లో పడవ పాట పెట్టండి. నల్లటి నీళ్లు, వాటి మీద మెరుపులు, మధ్యలో ఎన్నో అంతస్తుల బూడిదరంగు. ఆ బూడిదరంగులో నీలమో, పచ్చో, గులాబీయో తొంగిచూసిందంటే ఆ టీవీ సొంతంగా రంగు కలుపుతోందన్నమాట. ఒడ్డున చెట్లు ఒకటే నల్లముద్దగా కనిపిస్తే చీకట్లోని వివరాల్ని మింగేస్తోందని అర్థం. బార్ట్లీ సృష్టించిన వెన్నెల తెల్లవారుజాములా ఉంటే? నలుపు లేదని.

సమస్య మన ఒక్కరిదే కాదులెండి. 2019 ఏప్రిల్‌లో ‘గేమ్‌ ఆఫ్‌ థ్రోన్స్‌’ యుద్ధం ఎపిసోడ్‌ ప్రసారమైనప్పుడు ఏమీ కనిపించలేదని ప్రపంచమంతా గోల పెట్టింది. చాలామందికి టీవీల్ని సరిగ్గా సర్దుకోవడం తెలియదని ఆ ఎపిసోడ్‌ ఛాయాగ్రాహకుడు ఫాబియన్‌ వాగ్నర్‌ జవాబిచ్చాడు. అంతకుముందు 2018 డిసెంబరులో టామ్‌ క్రూజ్‌ అంతటివాడే వీడియో పెట్టి, టీవీలో ‘మోషన్‌ స్మూతింగ్‌’ ఆపి సినిమా చూడండి మహాప్రభో అని వేడుకున్నాడు. సినిమా సెకనుకి 24 బొమ్మలు. టీవీ వాటి మధ్యన తను ఊహించుకున్న బొమ్మల్ని ఇరికించి కదలికని నున్నగా చేస్తుంది. క్రికెట్‌కి బాగుంటుంది. సినిమాకి పెడితే రాజుగారి యుద్ధం కాస్తా పెళ్లి వీడియోలా తయారవుతుంది. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్‌. పేరేదైనా ‘మోషన్‌’ అన్న మాట కోసం వెతికి ఆపెయ్యండి.

పెట్టె మీది మాటలు

‘హెచ్‌డీఆర్‌ ఉంది’ అన్న స్టిక్కర్‌ చూసి మోసపోకండి. హెచ్‌డీఆర్‌ సినిమాల్ని చాలావరకు వెయ్యి నిట్ల వెలుగు లెక్కన సిద్ధం చేస్తారు. చవక టీవీలు 250, 300 నిట్లు దాటవు. ఆ సంకేతాన్ని అందుకోగలవు గానీ చూపించలేవు. చెంబులో బిందెడు నీళ్లు పోసినట్టే! తక్కువ ధరలో హెచ్‌డీఆర్‌ కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టక్కర్లేదు.

టీవీలోకి ఏం పోస్తున్నారన్నదీ చూసుకోవాలి. మామూలు కేబుల్‌ ఛానల్‌ బొమ్మలో చుక్కలు నాలుగు లక్షల పైచిలుకు. 4కే తెరలో దాదాపు 83 లక్షలు. అంటే ఒక్కో చుక్కని ఇరవై చేసి సాగదీయాలి. ఇంట్లో కేబుల్‌ తప్ప ఇంకేమీ లేకపోతే పెద్ద 4కే టీవీ కొనడం వల్ల గరుకుదనమే పెద్దగా కనిపిస్తుంది. నెట్‌ మీద 4కే చూడాలంటే నెట్‌ఫ్లిక్స్‌ అడిగే వేగం 15 ఎంబీపీఎస్‌. అదీ ఖరీదైన ప్లాన్‌లోనే 4కే ఇస్తుంది. టీవీకి పెట్టిన డబ్బులో కొంత ఇటు మళ్లిస్తేనే బొమ్మ నిజంగా మెరుగుపడుతుంది.

ధరల విషయానికొస్తే, 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. బేరమాడేటప్పుడు పాత రేటు పట్టికలు చూపిస్తే బిల్లు మీద శాతం చదువుకోండి. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల చిల్లరే కాబట్టి పెద్ద షోరూముల కోసం రైలెక్కేవాళ్లూ ఉన్నారు. ఎక్కువ రకాలు చూడటానికి అది మంచిదే. అయితే లైట్లు ఆర్పి చూపించమని అడగడానికి మొహమాటం లేని చోటు మన ఊరి కొట్టే. మధ్యాహ్నం రెండింటికి, రద్దీ లేని వేళ వెళ్లి ‘‘ఆ మూల లైటొకటి ఆర్పన్నా, సినిమా మోడ్‌ పెట్టు’’ అంటే కాదనరు. ‘సినిమా’ అనో, ‘ఫిల్మ్‌మేకర్‌’ అనో ఉండే ఆ మోడ్‌ పెట్టగానే బొమ్మ పసుపు పచ్చగా, మబ్బుగా అనిపిస్తుంది. కంగారుపడొద్దు. పది నిమిషాలు అలాగే చూడండి. కన్ను అలవాటుపడ్డాక మళ్లీ మొదటి మోడ్‌కి మారిస్తే ఈసారి అదే నీలంగా, పాలిపోయి కనిపిస్తుంది.

టీవీ ఇంటికొచ్చి మొదటిసారి ఆన్‌ చేసినప్పుడు చాలా టీవీలు ఒక ప్రశ్న అడుగుతాయి. ‘హోమ్‌’, ‘స్టోర్‌’ అని రెండు గళ్లు. బిగించడానికి వచ్చిన కుర్రాడికి ఆ రోజు ఇంకో నాలుగిళ్లు ఉంటాయి, తొందరలో ఏదో ఒకటి నొక్కేస్తాడు. రిమోటు అతని చేతికివ్వకుండా మీరే పట్టుకుని, ‘హోమ్‌’ మీరే నొక్కండి.